జీతం తగ్గే ఉద్యోగానికి మారితే మనశ్శాంతి నిలుస్తుందా?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు 38. ఆరేళ్లలో జీతం మూడింతలైంది. కోకాపేటలో ఫ్లాట్, కారు, అన్నీ అమరాయి. అయినా ఏది కొన్నా ఆ సంతోషం రెండు మూడు వారాలకు మించి ఉండటం లేదు. బాల్కనీలో టేకు ఉయ్యాల బల్ల వేయించి 14 నెలలైంది. గొలుసులకు చుట్టిన ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయనే లేదు.

ఆదివారం సాయంత్రం ఆరు దాటితే చాలు, గుండెల్లో బరువు మొదలవుతుంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ఈసీజీ, థైరాయిడ్, బీ12 అన్నీ నార్మల్. డిప్రెషన్ కాదని సైకియాట్రిస్టు చెప్పారు.

షాపింగ్ యాప్‌లు మూడు నెలలు తీసేశాను. రోజూ 20 నిమిషాలు ధ్యానం చేశాను. పది రోజులు ఊరెళ్లాను. అక్కడ హాయిగా నిద్రపట్టింది కానీ, తిరిగొచ్చిన మూడో రోజుకే మళ్లీ మామూలే.

చదివాను కూడా. ఏడాది ఆదాయం 75,000 డాలర్లు దాటాక రోజువారీ ఆనందం పెరగదని కానెమన్, డీటన్ అనే పరిశోధకులు 2010లో రాశారు. చాలామందికి ఆ పైన కూడా పెరుగుతూనే ఉంటుందని 2023లో కానెమనే కిల్లింగ్స్‌వర్త్ అనే మరో పరిశోధకుడితో కలిసి సవరించారు. నాకైతే ఇది అంకెలతో తేలే విషయంలా లేదు. పక్క ఫ్లాట్ వాళ్లతో పోల్చుకోవడమే నన్ను తినేస్తోంది.

ఇప్పుడు జీతం 35 శాతం తగ్గే, సాయంత్రం ఐదింటికి ముగిసే ఉద్యోగం ఒకటి వచ్చింది. ఈఎంఐ 98,000 పోయినా ఇల్లు గడుస్తుంది. ఈ నెల 25లోగా ఏదో ఒకటి చెప్పాలి. ఇలా కావాలనే జీతం తగ్గించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి: ఏడాది గడిచాక కూడా ఆ ప్రశాంతత మీకు నిలిచిందా?