యాడ్ షూట్ రోజున సొంతంగా తీసిన ఫుటేజ్ ఎవరిది?

నెల్లూరులో ఓ చీరల షాపుకి యాడ్ చేశాను. మాటలన్నీ ఫోన్లోనే, రాతపూర్వక ఒప్పందం లేదు. వెంకటగిరిలో వాళ్ల షాట్లు అయిపోయాక, సాయంత్రం నా కెమెరాతో, నా ఖర్చుతో ఓ పెద్దాయన మగ్గం మీద జాందానీ బుటా వేయడం, ఆయన మాటలు తీసుకున్నాను. నా డాక్యుమెంటరీకి ప్రాణం అదే. ఆ రోజు తీసిందంతా తనదేనంటున్నారు ఓనరు.

యాడ్ ఆయనదే, అందులో పేచీ లేదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. కానీ ఇది ఆయన తీయించింది కాదు కదా! పెద్దాయన సమ్మతి పత్రం, ఫైళ్లలోని టైమ్, విడిగా వాడిన మెమరీ కార్డు చూపించాను. టైటిల్స్‌లో షాపు పేరు వేస్తానన్నాను. వినలేదు.

యాడ్లు, పాటల వీడియోలు చేస్తూ డాక్యుమెంటరీలు తీసేవాళ్లు చెప్పండి: ఓనరు సంతకం లేకుండా ఈ ఫుటేజ్ వాడుకోవచ్చా?