.270, .280 రైఫిళ్లు రెండింటికీ ఒకే బ్రాస్ (ఖాళీ ఇత్తడి తూటా కేసులు) సరిపోతుందా? డైలు (కేసుని మలిచే అచ్చులు) ఏవి కొనాలి?

వైట్‌ఫీల్డ్ శ్రీను: టెక్సాస్‌లో మా బావగారి దగ్గర .270 విన్చెస్టర్, .280 రెమింగ్టన్ రైఫిళ్లు ఉన్నాయి. డిసెంబర్‌లో వెళ్తున్నా, ఇద్దరం కలిసి రీలోడింగ్ (వాడిన కేసుల్ని మళ్లీ నింపి తూటాలు చేయడం) మొదలుపెడదామని. .280 బ్రాస్ దొరకట్లేదట. .30-06 ఖాళీ కేసులు మాత్రం సంచి నిండా ఉన్నాయి. వాటినే రెండింటికీ మలుచుకోవచ్చా? డైలు రెండు సెట్లు కావాలా? ఏ కంపెనీవి? కేసుని డైలోకి తోసే ప్రెస్ ఏది?

కోరమంగళ కిరణ్: రెండు సెట్లూ కొనాల్సిందే. .270 బుల్లెట్ (తూటా కొసన ఉండి ఎగిరివెళ్లే ముక్క) మందం 0.277 అంగుళాలు, .280ది 0.284. కేసు అడుగుని పట్టుకునే షెల్ హోల్డర్ ఒక్కటి చాలు, మూడింటి అడుగూ ఒకే కొలత.

పీన్యా టూల్‌రూమ్: ప్రెస్ టూల్స్, డీప్ డ్రా డైలు చేసి బతికినవాణ్ణి, చెప్తా వినండి. కంపెనీ పేరు తర్వాత, ముందు భుజం (కేసు మెడ దగ్గర సన్నబడే వాలు) చూడండి. .30-06 కేసు .270 డైలో ఒక్క దెబ్బకి దిగుతుంది, కాకపోతే పొడవు ఒక మిల్లీమీటరు పైచిలుకు తక్కువొస్తుంది. .280 అలా కాదు. 1957లో అది వచ్చినప్పుడే, .270 రైఫిల్లో పట్టకూడదని భుజాన్ని 0.05 అంగుళం ముందుకు జరిపారు. .30-06ని నేరుగా దాని డైలోకి తోసేస్తే భుజం వెనకే ఉండిపోతుంది. పేల్చినప్పుడు కేసు సాగి, అడుగుకి కాస్త పైన తెగుతుంది. అందుకే డైని పైకి బిగించి, కేసు పెట్టిన రైఫిల్ బోల్ట్ బిగువుగా మూసుకునేదాకా కొంచెం కొంచెంగా దించాలి.

అన్నానగర్ మాధవి: అవి డైలోకి వెళ్లేముందు శుభ్రం చెయ్యాలి కదా. మా నాన్నగారి .275 రిగ్బీ కేసులు అమ్మ చింతపండుతో బిందెలు తోమినట్టే తోమేది, తళతళలాడేవి. 7x57 మౌజర్ డైలే వాడేవాళ్లం, రెండూ ఒకటే తూటా.

హోసూర్ రోడ్ రవి: చింతపండు ఎందుకండీ, బజార్లో దొరికే ఇత్తడి పాలిష్‌తో తుడిస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది.

పీన్యా టూల్‌రూమ్: రవీ, దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకు! చాలా పాలిష్‌లలో అమ్మోనియా ఉంటుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే వానాకాలం గుర్రపుసాలల దగ్గర దాచిన తూటాల కేసులు వాటంతట అవే పగిలిపోయేవి, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా వల్ల. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉన్న ఇత్తడి నొక్కుడు మీదుండగా అమ్మోనియా తగిలితే జరిగేదదే.

హోసూర్ రోడ్ రవి: పాలిష్ రాసి కడిగేస్తాం కదా, నానబెట్టం. మీకు తెలిసిందే వేదం అంటే ఎలా?

పీన్యా టూల్‌రూమ్: కడిగినా కేసు అడుగున ప్రైమర్ (మందుని అంటించే చిన్న బిళ్ల) కూర్చునే గుంటలో మిగులుతుంది. వేదం కాదు, లోహం గుణం. మాధవిగారూ, చింతపండూ ఎక్కువసేపు ఉంచకండి, జింకు పోయి గులాబీ రంగు తేలుతుంది.

అన్నానగర్ మాధవి: మా ఇంట్లో ఎప్పుడూ తేలలేదు. వెంటనే కడిగి ఎండలో ఆరబెట్టేవాళ్లం. 1907లో చంపావత్ పులిని చంపినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కి బహుమతిగా ఇచ్చిందీ .275 రిగ్బీనే. పేరు .275, బుల్లెట్ మాత్రం 0.284. శ్రీను గారూ, మీ .280దీ అదే బుల్లెట్.

మారతహళ్ళి ప్రసాద్: లైసెన్సు లేకుండా ఇక్కడ తూటా నింపడం నేరం, 1959 ఆయుధాల చట్టం చదవండి. బెంగళూరులో కూర్చుని ఈ చర్చ ఎందుకు?

కోరమంగళ కిరణ్: ఆయన చేసేది టెక్సాస్‌లో, మొదటి వాక్యం చదవండి. ఒక్కటి మాత్రం నిజం శ్రీను, తిరిగొచ్చేటప్పుడు ఖాళీ కేసు కూడా బ్యాగులో ఉండకూడదు. అన్ని జేబులూ దులిపి చూసుకో.

పీన్యా టూల్‌రూమ్: ఇంకోటి. .280 తూటా .270లో పట్టదు, కానీ .270 తూటా .280లో దిగిపోతుంది, పేలుతుంది కూడా. భుజం దగ్గర ఖాళీ, బుల్లెట్ సన్నం. .30-06 నుంచి మలిచినవాటి అడుగున పాత ముద్రే ఉంటుంది, చూసి పోల్చుకోలేరు. డబ్బాలకి వేరే రంగులు, పేర్లు తప్పనిసరి. వాడిన కేసుల్లోకి కొస వంచిన సన్నటి తీగ దించి గోడ గీకి చూడండి, అడుగు దగ్గర గాడి తగిలితే పారేయండి.

వైట్‌ఫీల్డ్ శ్రీను: చాలా థాంక్సండీ. బావగారికి పంపించా, .270 డై ముందు కొంటామన్నారు. ప్రెస్?

కోరమంగళ కిరణ్: పోత ఇనుముది, సింగిల్ స్టేజ్ (ఒకసారికి ఒకే డై పట్టేది), ‘O’ అక్షరం ఆకారంది. కేసులు మలిచే బలానికి అల్యూమినియం ‘C’ ఫ్రేమ్ వంగుతుంది.