క్రిస్మస్‌కి ఐసింగ్ వేసిన జామ్ బిస్కెట్లు: జామ్ ఎప్పుడు పెడుతున్నారు?

గోదారి_గ్లాస్గో:
మా పాప బడిలో డిసెంబరు రెండో వారంలో క్రిస్మస్ ఫెయిర్. ఇంటికొకరు ఏదో ఒకటి వండి పట్టుకెళ్లాలి. నేను ఎంపైర్ బిస్కెట్లని పేరిచ్చేశాను. తెలియనివాళ్లకి: రెండు షార్ట్‌బ్రెడ్ (గుల్లగా ఉండే వెన్న బిస్కెట్) బిళ్లలు, మధ్యలో రాస్ప్‌బెర్రీ జామ్, పైన తెల్లటి ఐసింగ్, నడిమధ్య సగం చెర్రీ. స్కాట్లండ్ బేకరీల్లో ఏడాదంతా దొరుకుతాయి గానీ, క్రిస్మస్‌కి పిల్లలు నక్షత్రం కట్టర్‌తో కోసి హడావిడి చేస్తారు. నాకు 40 కావాలి, గుడ్డు లేకుండా. జామ్ ముందురోజు రాత్రే పెట్టేయొచ్చా, మెత్తబడిపోతాయా? చెర్రీ ఎరుపు ఐసింగ్‌లోకి దిగకుండా ఏం చేస్తున్నారు?

అబర్డీన్_అత్తయ్య:
గుడ్డు గురించి బెంగ పడకమ్మా, అసలు షార్ట్‌బ్రెడ్‌లోనే గుడ్డు లేదు. చక్కెర ఒక వంతు, వెన్న రెండు, మైదా మూడు. 100, 200, 300 గ్రాములు తీసుకుంటే 6 సెం.మీ. కట్టర్‌తో 20 జతలకి అటూ ఇటూగా వస్తాయి. నీకు దీనికి రెట్టింపు కావాలి. మైదాలో 50 గ్రాములు తగ్గించి ఆ మేరకు బియ్యప్పిండి వెయ్యి. ఇది మన తెలివి కాదు, ఇక్కడి పాతకాలం ఇల్లాళ్లూ వేసేవాళ్లే. కొరికితే ఇసకలా రాలుతుంది. ముద్ద దగ్గరపడగానే చెయ్యి తీసెయ్యాలి. చపాతీ పిండిలా మర్దించావో, గట్టిబడుతుంది.

రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో 4 మి.మీ. మందాన ఒత్తి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టాకే కొయ్యి. ఫ్యాన్ ఓవెన్ అయితే 160 డిగ్రీలు, 12 నుంచి 15 నిమిషాలు. అంచు కాస్త రంగు తిరగ్గానే తియ్యాలి. అప్పటికి మెత్తగానే ఉంటాయి, చల్లారితే గట్టిపడతాయి. ట్రే మీద పది నిమిషాలు కదపకు.

ఇక చెర్రీ. పాకంలోంచి తీసి వేడినీళ్లలో ఒకసారి కడిగి, టిష్యూ మీద రాత్రంతా ఆరబెట్టు. ఐసింగ్ పైన పొర కట్టడం మొదలయ్యాక పెట్టు, తడిగా ఉన్నప్పుడు కాదు. శాకాహారులైతే డబ్బా వెనక చూసుకో: కొన్నిట్లో ఎరుపు రంగు కాచినియల్ పురుగుల నుంచి తీసింది ఉంటుంది, ఇ120 అని రాస్తారు. చెర్రీ బదులు జెల్లీ మిఠాయి పెట్టినా జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) సంగతి చూసుకోవాల్సిందే.

రైన్‌తీరం:
జర్మనీ, కార్ల్స్‌రూహ్ నుంచి. జామ్ రాత్రే పెట్టొచ్చా అని భయపడుతున్నారు గానీ, ఇక్కడ కావాలనే మెత్తబడనిస్తారు. మా బాడెన్ ప్రాంతంలో వీటిని హిల్డాబ్రోట్‌షెన్ అంటారు, బాడెన్ చివరి గ్రాండ్ డచెస్ హిల్డా పేరు మీద. క్రిస్మస్‌కి నాలుగు వారాల ముందు నుంచీ ఇళ్లల్లో ఇదే పని. జామ్ పెట్టి రేకు డబ్బాలో మూడు నాలుగు రోజులు ఉంచాకే తీస్తారు. నోట్లో వేసుకోగానే కరగాలి, కరకరమంటే సరిగా కుదరలేదని అర్థం. కొందరు పైన ఉత్త చక్కెర పొడి చల్లుతారు, మా పక్కింటావిడ మాత్రం నిమ్మరసంతో కలిపిన ఐసింగ్ పూస్తుంది. నాకదే నచ్చింది, తీపిని కాస్త విరుస్తుంది.

ఆస్ట్రియా వాళ్లయితే రాస్ప్‌బెర్రీ కాదు, పుల్లటి రెడ్‌కరెంట్ జామ్ వాడతారు. వీటన్నిటికీ తాత లాంటిది అక్కడి లింజ్ ఊరి టోర్టే, అంటే జామ్ పెట్టిన కేకు. దాని వంటకం 1653 నాటి రాతప్రతిలో ఉంది, ఆడ్‌మాంట్ మఠం గ్రంథాలయంలో దొరికింది.

గోదారి_గ్లాస్గో:
ఓహో! ఇక్కడా మొదట లింజర్ బిస్కెట్లనీ జర్మన్ బిస్కెట్లనీ అనేవాళ్లట. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ మాట ఎత్తితేనే మంట కాబట్టి ఎంపైర్ అయ్యాయి. బిస్కెట్టు మాత్రం అదే!

కానీ మూడు రోజులంటే మా ఫెయిర్‌లో ఎవరూ కొనరండీ. ఇక్కడివాళ్లకి పైన కాస్త పెళుసు, లోపల మెత్తన ఉండాలి.

అబర్డీన్_అత్తయ్య:
దానికి ముందురోజు రాత్రే సరైన సమయం. జామ్‌ని గిన్నెలో వేసి రెండు మూడు నిమిషాలు ఉడికించి, నీరు కాస్త ఇగిరాక చల్లార్చి పెట్టు. మెత్తబరిచేది జామ్‌లో ఉన్న తడే. తీగపాకం దాకా పోనివ్వకు, పళ్లకి అంటుకుంటుంది. ఉత్త బిళ్లలైతే వారం ముందే కాల్చి గాలి తగలని డబ్బాలో పెట్టుకోవచ్చు.

కాకినాడ_కాజా:
ఇంట్లో అరిసెలు, గులాబీ పువ్వులు ఉండగా ఈ తిప్పలెందుకండీ 😄 సరే, మా అమ్మాయి గోల భరించలేక నేనూ చేస్తున్నాను. సముద్రం దగ్గర ఊరు కదా, ఐసింగ్ ఒక పట్టాన ఆరదు. 200 గ్రాముల ఐసింగ్ షుగర్‌కి 2 టేబుల్‌స్పూన్ల నీళ్లని అందరూ రాస్తారు. మాకు ఒకటిన్నర చాలు. ఐసింగ్ షుగర్ దొరక్కపోతే చక్కెరని మిక్సీలో మెత్తగా కొట్టి, కప్పుకి ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి జల్లించండి. పూశాక ఫ్యాన్ కింద ఆరనివ్వాలి. తొందరపడి ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీయగానే చెమ్మ పట్టి పైనంతా జిగురవుతుంది.

ఇంకో మాట. ముందు ఐసింగ్ వేసి ఆరాక జామ్ మీద అతికించే పద్ధతి వీడియోల్లో చూపిస్తున్నారు. నాకది నచ్చదు, నొక్కగానే పగుళ్లిస్తుంది. అతికించి, గంటాగి, అప్పుడు పైన పూయాలి. మధ్యలో చెంచాడు వేసి వెనకవైపుతో అంచు దాకా తోసి, కొంచెం ఇవతలే ఆపితే మిగతాది అదే జారి సర్దుకుంటుంది.

లష్కర్_పిల్ల:
సికింద్రాబాద్ల రాస్ప్‌బెర్రీ జామ్ ఏడనో పెద్ద షాపుల దొరుకుతది గానీ ధర చూస్తే భయమైతది. నేనైతే ఎర్ర గోంగూర కాయల జామ్ పెడ్త. లోపటి గింజలు తీసేసి, మీది ఎర్రటి రేకలు నీళ్లల్ల ఉడికిచ్చి చక్కెర ఏస్తే దానంతటదే గట్టిపడతది, జామ్‌ని గట్టిపరిచే పెక్టిన్ దాంట్ల బాగుంటది. పులుపు, రంగు రెండూ అదిరిపోతయ్. రైన్‌తీరం అన్న చెప్పిన పుల్లటి జామ్ లెక్కనే అనుకుంటున్న. దుకాణంల దొరికే మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ పెడితే ఐసింగ్‌తోని కలిసి మస్తు తీపైతది, మా తాత ఒక్కటి తిని పక్కకు పెట్టిండు.

ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉన్నోళ్లు కింది రాడ్ ఒక్కటే ఆన్ చెయ్యండి, లేకుంటే నడుమ ఉడకకముందే మీద ఎర్రగైతది. ఉప్పు బటర్ అయితే వేరే ఉప్పు వద్దు. ఇంట్ల తీసిన వెన్న మాత్రం వద్దే వద్దు, నీళ్లు ఎక్కువ ఉంటయ్, బిళ్లలు పరుచుకపోతయ్. పెద్ద ఎత్తున చేసేటోళ్లు గల్లీ బేకరీల అడగండి, పండగ ముంగట మనం తయారు చేసిన ట్రేలు కొందరు కాల్చిస్తరు.

కివీ_తెలుగు:
ఆక్లాండ్. ఇక్కడ ఇదే బిస్కెట్‌ని బెల్జియన్ అంటారు, పిండిలో దాల్చినచెక్క, మసాలా పొడి పడతాయి. ఐసింగ్ గులాబీ రంగు, దాని మీద రాస్ప్‌బెర్రీ జెల్లీ పొడి చల్లుతారు. ఆ పొడిలో కూడా జెలటిన్ ఉంటుంది, జాగ్రత్త. మాకు క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది కాబట్టి, కోసిన బిళ్లల్ని ట్రేతో సహా పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి నేరుగా ఓవెన్‌లోకి తోస్తాను. లేదంటే అంచులు నిలవవు. హైదరాబాద్, కాకినాడ వాళ్లకీ ఇదే పనికొస్తుంది. గోంగూర జామ్ మాత్రం ఈసారి తప్పకుండా, మా పెరట్లోనే ఉంది!

గోదారి_గ్లాస్గో:
అయితే నా లెక్క: ఆదివారం కాల్చడం, గురువారం సాయంత్రం జామ్, రాత్రి పడుకునే ముందు ఐసింగ్, శుక్రవారం ఫెయిర్. 40 బిస్కెట్లు బస్సులో ఎలా తీసుకెళ్లాలో అదొక్కటే తేలలేదు. ఒకదాని మీద ఒకటి పెట్టొచ్చా?

అబర్డీన్_అత్తయ్య:
రాత్రంతా మూత పెట్టకుండా ఆరనిచ్చావంటే రెండు వరసల దాకా పర్లేదు, మధ్యలో బటర్ పేపర్ వెయ్యి. చెర్రీలు మాత్రం విడిగా చిన్న డబ్బాలో పట్టుకెళ్లు, బల్ల మీద సర్దాక చుక్క ఐసింగ్‌తో అతికించు. ఇంట్లోనే పెడితే పై వరస వాటిమీద కూర్చుంటుంది. గోధుమ, పాలు ఉన్నాయని చీటీ రాసి పక్కన పెట్టడం మర్చిపోకు, బడి వాళ్లు అదే ముందు అడుగుతారు.