జూబ్లీహిల్స్‌లో 600 గజాలు, కింద అంతా బండ. ఇంటికి సెల్లార్ వేయొచ్చా?

కొత్తఇల్లు_పాతప్లాటు

అందరికీ నమస్తే. మా నాన్నగారు 1986లో కట్టించిన ఇల్లు, జూబ్లీహిల్స్, 600 గజాలు, 60 బై 90. తూర్పు రోడ్డు, అక్కడి నుంచి వెనక్కి పోయేకొద్దీ పల్లం, పడమర హద్దు దగ్గరికొచ్చేసరికి తేడా ఆరేడు అడుగులు ఉంటుంది. పాత ఇల్లు తీసేసి కొత్తది కట్టుకుందామని ఆర్కిటెక్ట్‌ని పెట్టుకున్నాం. ఆయన గీసింది బాగుంది, సెల్లార్‌లో నాలుగు కార్లు, హోమ్ థియేటర్, చిన్న జిమ్, మధ్యలో పైనుంచి వెలుతురు దిగేలా గాజు కప్పు. ఆ 3డీ బొమ్మలు చూసినప్పటి నుంచి మా పిల్లలు థియేటర్‌లో సీట్లు కూడా పంచేసుకున్నారు.

ఇప్పుడు టెన్షన్ ఏంటంటే, మేస్త్రీ వచ్చి పెరట్లో గడ్డపారతో రెండు దెబ్బలు వేసి "నాలుగడుగుల కింద ఏకబండ సార్" అన్నాడు. మామగారేమో వాస్తు ప్రకారం పడమట గొయ్యి తవ్వితే ఇల్లు నిలవదంటున్నారు. పక్కింట్లో ఆంటీ ఒక్కరే ఉంటారు, వాళ్లదీ నలభై ఏళ్ల ఇల్లే, వాళ్ల వంటగది ప్రహరీకి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. సెల్లార్ వేసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి. బండ ఎలా తీయించారు, వానాకాలం నీళ్లొస్తున్నాయా, అసలు ఆ ఖర్చుకి తగ్గట్టు వాడుకుంటున్నారా?

గజంబద్ద

మీ ఆర్కిటెక్ట్ మీకు చెప్పకుండా దాటేసిన విషయం ఒకటుంది. 600 గజాలంటే 502 చదరపు మీటర్లు. 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల జీవో 168 పట్టికలో సెల్లార్ మొదలయ్యేదే 750 చదరపు మీటర్లు దాటిన ప్లాట్లకి, అంటే దాదాపు 900 గజాలు. అంతకు తక్కువైతే స్టిల్ట్ పార్కింగే, అంటే నేలమట్టంలో స్తంభాల మధ్య కార్లు. ఆ తర్వాత సవరణలు వస్తూనే ఉన్నాయి కాబట్టి నా మాట పట్టుకుని ఆగిపోవద్దు, మీ ప్లాటు కాగితాలతో టౌన్ ప్లానింగ్‌కి వెళ్లి ఇవాళ్టి రూల్ ఏంటో రాతపూర్వకంగా తెలుసుకోండి. "అందరూ వేసుకుంటున్నారు కదా సార్" అని ఎవరైనా అంటే ఆ అందరి ప్లాన్ కాపీలు చూపించమనండి.

పెద్ద ప్లాటైనా సరే, సెల్లార్ అనేది కార్లకి. జనరేటరు, లిఫ్టు మోటారు, పంపులు లాంటి వాటికి పదో వంతు దాకా ఇస్తారు. థియేటరూ జిమ్మూ అందులోకి రావు. 2024 జూలైలో ఢిల్లీ ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వాన నీళ్లు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు పోయారు. సామాను పెట్టుకోవడానికి అనుమతి తీసుకుని లైబ్రరీ నడిపారు అక్కడ. మీ ఇంట్లో అంతమంది కూర్చోరు, నిజమే, కానీ నీళ్లు దిగే దారీ మీరు పైకెక్కే దారీ ఒకటే అయితే పది మంది ఉన్నా ఇద్దరు ఉన్నా ఒకటే.

ఇంకో చిన్న లెక్క. ర్యాంపు వాలు 8కి 1 మించకూడదు. మూడు మీటర్లు దిగాలంటే 24 మీటర్ల ర్యాంపు కావాలి, అంటే 79 అడుగులు. మీ ప్లాటు పొడవు 90. ఇక కార్లు ఎక్కడ తిప్పుతారు? ఆ 3డీ బొమ్మలో ర్యాంపు ఎంత నిటారుగా ఉందో ఒకసారి స్కేలు పెట్టి చూడండి.

పాతమేస్త్రీ_సైట్

నేను సైట్ ఇంజనీర్‌ని, ఇరవై రెండేళ్లుగా ఈ కొండల మీదే పని.

ముందు ఒక మాట. మీరు బేస్‌మెంట్ అంటే నేలకింద గది అనుకుంటారు, మన మేస్త్రీలకి బేస్‌మెంట్ అంటే నేల మీద లేపే పునాది ఎత్తు, బేస్‌మట్టం అంటారు. ఒక సైట్‌లో ఓనరు ఫోన్‌లో "బేస్‌మెంట్ పది అడుగులు" అంటే మేస్త్రీ పది అడుగులు పైకి లేపాలనుకుని రాయి తెప్పించాడు. కాబట్టి సెల్లార్ అనే అనండి.

బండ సంగతి. ఇళ్ల మధ్య పేలుళ్లు అని ఎవరన్నా అంటే వాణ్ణి అక్కడే పంపించేయండి. బ్రేకర్‌తో కొట్టొచ్చు, చవక, కానీ అదురు పక్కింటికి పోతుంది. ఆంటీ వంటగది అంత దగ్గర్లో ఉంటే నేనైతే ఆ వైపు వరసగా రంధ్రాలు వేసి కెమికల్ పోయిస్తాను. అది ఉబ్బి తెల్లారేసరికి బండ దానంతట అదే చీలుతుంది, చప్పుడు ఉండదు. లేదంటే వైర్ కటింగ్, జున్ను కోసినట్టు తెగుతుంది, బిల్లు కూడా అలాగే ఉంటుంది. చాలామంది మధ్యలో బ్రేకరు, అంచుల్లో కెమికల్, ఇలా కలిపి చేస్తారు.

అసలు కథ నీళ్లది. బండలో నీళ్లుండవు కదా అంటారు అందరూ. బండలో ఉండవు, పొరల మధ్య నెర్రెల్లోంచి వస్తాయి. మీరు బండలో తొట్టిలాంటి గొయ్యి తొలిచి, అందులో గోడలు కట్టి, గోడకీ బండకీ మధ్య సందుని మట్టితోనో ముక్కలతోనో నింపుతారు. వాన పడితే చుట్టుపక్కల నీళ్లన్నీ ఆ సందులోకి చేరతాయి, బయటికి పోయే దారి ఉండదు. బయట మూడు మీటర్ల ఎత్తు నీళ్లు నిలిస్తే అడుగు స్లాబుని చదరపు మీటరుకి మూడు టన్నుల చొప్పున కిందనుంచి పైకి నెడుతుంది. ఆరంగుళాల స్లాబు బరువు అంతా కలిపి 400 కిలోలు కూడా ఉండదు. బంజారాహిల్స్‌లో ఒకాయన ఎండాకాలం తవ్వి, కట్టి, ఇటాలియన్ మార్బుల్ వేసుకున్నాడు, శ్రావణంలో చూస్తే ఆ మార్బుల్ మధ్యలో ఉబ్బి ఉంది. పైప్ పగిలిందని ముగ్గురు ప్లంబర్లని మార్చాడు పాపం. ఊట అది.

అందుకే డబ్బులు లోపల టైల్స్ మీద కాదు, గోడ బయట పెట్టాలి. వాటర్‌ప్రూఫింగ్ నీళ్లు తగిలే వైపే చేయాలి, అంటే గోడ వెనక మనిషి నిలబడి పనిచేసే జాగా వదలాలి. హద్దుదాకా తవ్వేస్తే ఆ జాగా ఉండదు, లోపలి నుంచి పూత పూస్తారు, రెండేళ్లకి పెచ్చులు ఊడతాయి. చుట్టూ కంకర, అడుగున రంధ్రాల పైపు, అది ఒక సంపులోకి, సంపులో రెండు పంపులు. ఒకటి కాదు, రెండు. పెద్ద వానకే కరెంటు పోతుంది కాబట్టి వాటికి విడిగా బ్యాకప్ కూడా. 2020 అక్టోబర్ వానలకి సెల్లార్లలో కార్లు తేలినప్పుడు చాలా చోట్ల పంపు ఉంది, నడిపే కరెంటే లేదు.

పక్కింటివాణ్ణి

నేను అవతలి వైపు నుంచి చెప్తాను, మా పక్క ప్లాటులో తవ్వారు. పొద్దున ఎనిమిదింటికి బ్రేకరు మొదలైతే సాయంత్రం దాకా డడడడ, అయిదు నెలలు. మా అమ్మకి బీపీ మాత్ర డోసు పెంచారు. పూజగది గోడలో వెంట్రుకవాసి పగులు వచ్చింది, తర్వాత అందులో అగరొత్తి పుల్ల పట్టేంత అయింది. ఓనరుకి చూపిస్తే "పాత ఇల్లండీ, ముందునుంచే ఉంటుంది" అన్నాడు. ముందు లేదని నా దగ్గర ఒక్క ఫోటో లేదు. అక్కడే ఓడిపోయాను.

దానికి తోడు వానాకాలం వచ్చిందని జీహెచ్‌ఎంసీ సెల్లార్ తవ్వకాలు ఆపమంది, ఏటా ఆపుతారు, ఆపాల్సిందే కూడా. వీళ్లు గొయ్యి సగంలో వదిలేసి పోయారు. నాలుగు నెలలు మా ప్రహరీ పక్కన చెరువు. దోమలు సరే, ఒక రాత్రి ప్రహరీ పన్నెండు అడుగుల మేర ఆ గుంతలోకి జారిపోయింది. అటువైపు ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. తవ్వాలనుకుంటే దసరా తర్వాత మొదలుపెట్టి మే లోపు గోడలు లేపి సందు పూడ్చేసేయండి, అది కాకపోతే ఆ ఏడు ముట్టుకోకండి. ఆంటీ ఒక్కరే ఉంటారన్నారు కాబట్టి చెప్తున్నా.

థేమ్స్_ఒడ్డున_సివిల్

లండన్‌లో ఇదే పని నాది. కెన్సింగ్టన్, చెల్సీ వైపు ఇళ్లు పక్కకి పెంచలేరు, పైకి లేపనివ్వరు, అందుకని కిందికి పోతారు. ఈతకొలను, థియేటరు అంటూ రెండు మూడు అంతస్తులు దిగేవాళ్లు. 2015 నుంచి అక్కడి కౌన్సిల్ ఒక్క అంతస్తే, తోటలో సగానికి మించకుండా అని కట్టడి పెట్టింది. ఇక్కడ బండ కాదు, బంకమన్ను, పాత గోడల కింద మీటరు వెడల్పు ముక్కలుగా, పక్కపక్కవి ఒకేసారి తియ్యకుండా తవ్వుకుంటూ కాంక్రీటు నింపుకుంటూ పోతాం. ఇంత జాగ్రత్తలున్న ఊళ్లోనూ 2020 నవంబర్‌లో చెల్సీలో పని జరుగుతున్న చోట రెండు ఇళ్లు కుప్పకూలాయి.

మీకు పనికొచ్చేది ఇక్కడి 1996 పార్టీ వాల్ చట్టం. పక్కింటికి మూడు మీటర్ల లోపల, వాళ్ల పునాది కంటే లోతుగా తవ్వాలంటే కనీసం నెల ముందు నోటీసు ఇవ్వాలి. వాళ్లు ఒప్పుకోకపోతే వాళ్లకంటూ ఒక సర్వేయర్‌ని పెట్టుకోవచ్చు, ఆ ఫీజు మామూలుగా తవ్వేవాడే కట్టాలి. మొదలుపెట్టే ముందు పక్కింటి గదిగదీ ఫోటోలతో రిపోర్టు తీస్తారు. పని మధ్యలో పారిపోతారేమోనని పక్కింటివాళ్లు ముందే డిపాజిట్ కూడా అడగొచ్చు. మన దగ్గర ఇలాంటి చట్టం లేకపోయినా మీ ఇద్దరి మధ్య కాగితం రాసుకోకూడదని ఎవరన్నారు?

పాతమేస్త్రీ_సైట్

లండన్ అన్న చెప్పిన రిపోర్టుకి తోడు, ఆంటీ ఇంట్లో ఇప్పటికే ఉన్న పగుళ్ల మీద గాజు బద్దలు అడ్డంగా సిమెంటుతో అతికించి తేదీ రాయండి. గోడ కదిలితే గాజు పుటుక్కుమంటుంది. పది రూపాయల పని, అబద్ధం చెప్పదు, మీ తప్పు కాకపోతే అదీ చెప్తుంది.

ఇంకోటి. దేవుడు ఆరేడు అడుగుల పల్లం ఇస్తే దాన్ని మట్టితో పూడ్చి మళ్లీ పక్కన గొయ్యి తవ్వడం దేనికి? వెనక వైపు కాస్త చదును చేసి అక్కడ ఒక అంతస్తు పెట్టండి. ముందు నుంచి చూస్తే నేలకింద, వెనక నుంచి చూస్తే గ్రౌండ్ ఫ్లోర్. నాలుగు వైపులా కాదు, ప్రధానంగా ఒక్క వైపే మట్టిని ఆపే గోడ. నీళ్లు వాటంతట అవే వెనక్కి పోతాయి. ప్లాన్‌లో మాత్రం మామూలు అంతస్తుగానే చూపించండి, సెల్లార్ అని దాచొద్దు.

కొత్తఇల్లు_పాతప్లాటు

అందరికీ థ్యాంక్స్. ర్యాంపు మీద స్కేలు పెట్టాను, 5కి 1 ఉంది. ఆర్కిటెక్ట్‌ని అడిగితే "కార్ లిఫ్ట్ పెడదాం" అంటున్నాడు. వెనక అంతస్తు ఆలోచన చెప్తే కాస్త ముఖం ముడుచుకున్నాడు గానీ గీస్తానన్నాడు, కార్లు స్టిల్ట్‌లో, థియేటరు వెనక, జిమ్‌కి నిజమైన కిటికీ వస్తుందట. మామగారు ఇంకా ఒప్పుకోలేదు, పడమర పల్లం పల్లమే అంటున్నారు. కొండ మీద ప్లాటు కొన్నది మా నాన్న, ఆయన్నే అడగమన్నాను.

ఆదివారం ఆంటీ దగ్గరికి వెళ్తున్నా, ఫోటోలకి. ఇంకేమన్నా అడగాలా?

పాతమేస్త్రీ_సైట్

ఆవిడ ఇంటి పునాది ఎంత లోతో తెలిస్తే అడగండి, బండ మీద ఉందా, మట్టి మీద ఉందా అని. అట్నుంచి వచ్చాక మీ నాన్నగారిని కూర్చోబెట్టి పాత సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో గుర్తు పెట్టించుకోండి. జేసీబీకి అది ముందు దొరికిందంటే ఆ వారం సైట్‌లో మనిషన్నవాడు నిలబడడు.