దైవవాక్కు ఆదివారం, జనవరి 25: హాలు ఇవ్వలేమన్నారు, అందరూ వెంటనే చూడగలరు

నేపర్‌విల్ నుండి, మంగళవారం రాత్రి
షికాగో చుట్టుపక్కల ఊళ్లలోని మన తెలుగు కతోలిక కుటుంబాలందరికీ వందనాలు. బైబులు కోసం ప్రత్యేకించిన దైవవాక్కు ఆదివారానికి మనం అడిగిన హాలు ఇవ్వలేమని మన విచారణ (పారిష్) కార్యాలయం ఈ సాయంత్రం తెలియజేసింది. ఆ రోజు అక్కడ భద్రమైన అభ్యంగనానికి (కన్ఫర్మేషన్‌కు) సిద్ధమయ్యే పిల్లల తరగతులు ఉన్నాయట. పైగా బీమా పత్రం లేని సంఘాలకు ఇకపై హాలు ఇవ్వరట. ఉదయం దివ్యపూజలో రెండవ పఠనాన్ని తెలుగులో చదవడానికి మాత్రం ఫాదర్ గారు అనుమతించారు. మత్తయి సువార్త 28 అధ్యాయాలను వంతులవారీగా బిగ్గరగా చదవడం, పిల్లల క్విజ్, బైబులు ఊరేగింపు, భోజనాలు, విజయవాడ నుండి తెప్పించవలసిన గ్రంథాలు, వీటన్నిటికీ పేర్లు ఇచ్చినవారు ఉన్నారు కనుక ఏది ఎక్కడ జరగాలో శుక్రవారంలోగా తేల్చాలి.

అరోరా నుండి
అన్నయ్యా, బీమా పత్రం కావాలని క్రిస్మస్‌కు ముందే నేను ఇక్కడే రాశాను. అప్పుడు ఒక్కరూ బదులివ్వలేదు. ఇప్పుడు శుక్రవారంలోగా అంటే ఎలా?

షాంబర్గ్ నుండి
హోటల్ హాలు తీసుకుందాం. అద్దెను కుటుంబాలవారీగా పంచుకోవచ్చు.

అరోరా నుండి
సువార్త చదువుకోవడానికి హోటల్ అద్దె కట్టాలా? చిన్న పిల్లలున్న ఇళ్ల పరిస్థితి కూడా ఆలోచించండి.

బోలింగ్‌బ్రూక్ నుండి
మా పక్కింటి తెలుగువారు ప్రొటెస్టెంట్లు. అడిగితే తమ సంఘం హాలు ఉచితంగా ఇస్తామన్నారు.

షాంబర్గ్ నుండి
వారి బైబులులో 66 గ్రంథాలే ఉంటాయి. తోబీతు, యూదితు, మక్కబీయులు వంటి మరో ఏడు కలిపి 73 గ్రంథాలున్న మన బైబులును పిల్లలకు పరిచయం చేయాలనుకున్న రోజునే అక్కడికి వెళితే, క్విజ్‌లో ఆ ఏడు గ్రంథాల గురించి ఏమని అడుగుతాం?

బోలింగ్‌బ్రూక్ నుండి
మనం చదవబోయేది మత్తయి సువార్త కదా, వదినగారూ. అందులో వారికీ మనకూ తేడా లేదు. ఇవ్వడానికి ముందుకు వచ్చినవారిని ఇలా అనడం నాకు బాధ కలిగించింది.

ఎల్గిన్ నుండి
పెద్దదానిగా ఒక మాట చెబుతాను. ఆ ఆదివారం రెండవ పఠనం కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ మొదటి అధ్యాయం నుండి. "నేను పౌలు పక్షం, నేను అపొల్లో పక్షం" అని చీలిపోయినవారిని పునీత పౌలు మందలించే భాగమది. దాన్ని చదవడానికి పేరిచ్చింది అరోరా తమ్ముడే.
ఇంకొక విషయం. 2019 సెప్టెంబర్ 30న, పునీత జెరోము పండుగనాడు, పోప్ ఫ్రాన్సిస్ ఈ ఆదివారాన్ని నెలకొల్పినప్పుడు, దీనిని ఏడాదికొకసారి జరిపే పండుగగా కాక ఏడాది పొడవునా సాగవలసినదిగా చూడమన్నారు. మనకేమో హాలు పోతే కార్యక్రమమే పోయినట్లు ఉంది. పూజ తరువాత నాలుగు ఇళ్లలో కూర్చుందాం. 28 అధ్యాయాలు వద్దు. ఆ రోజు సువిశేషం, మత్తయి 4:12-23 మాత్రమే తీసుకుందాం. చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, మౌనంగా దేవుని ఎదుట ఉండడం అని 12వ శతాబ్దంలో గీగో అనే మఠవాసి చెప్పిన నాలుగు మెట్లలో నెమ్మదిగా సాగితే ఒక గంట చాలదు.

అరోరా నుండి
అలాగే, పెద్దమ్మా. కోపంలో రాశాను. మా ఇంట్లో ఇరవై మందికి చోటుంది. తెలుగు చదవలేని పిల్లలు ఇంగ్లీషులో చదవవచ్చు.

షాంబర్గ్ నుండి
మా ఇల్లు కూడా లెక్కించండి. బోలింగ్‌బ్రూక్ అన్నయ్యగారూ, మీ పక్కింటివారిని మా ఇంటికి పిలవండి. నేనే స్వయంగా ఫోను చేస్తాను.

బోలింగ్‌బ్రూక్ నుండి
తప్పకుండా. సోమవారం నుండి ఏ రోజు సువిశేషాన్ని ఆ రోజు ఎవరో ఒకరు చదివి, తమకు తోచిన ఒక్క మాటతో వాట్సాప్‌లో పెడితే ఎలా ఉంటుంది? ప్రస్తుతం వారపు రోజుల పూజల్లో మార్కు సువార్త నడుస్తోంది. బుధవారం వచ్చే విత్తువాని ఉపమానం నాకు ఇవ్వండి.

ఎల్గిన్ నుండి
మంగళవారం నాది. ఒక్క మనవి: పొడవాటి ప్రసంగాలు, ఎక్కడి నుండో వచ్చిన వీడియోలు పంపవద్దు.

నేపర్‌విల్ నుండి, గురువారం
అరోరా, షాంబర్గ్, ఎల్గిన్, మా ఇల్లు అని ఫాదర్ గారికి తెలిపాను. వీలైతే ఒక ఇంటికి వస్తామన్నారు. భోజనం ఎవరింట్లో వారు చూసుకుంటారు. మంచు పడితే మా వీధిలో కార్లు నిలపనివ్వరు కనుక, మా ఇంటికి వచ్చేవారు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే కారులో రాగలరు.