ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారాను, పాత వాట్సాప్ చాట్‌లు తెచ్చుకునేదెలా?

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లు ఆండ్రాయిడ్ వాడి, పోయిన వారమే ఐఫోన్‌కి మారాను. ఆత్రంలో ఒక తప్పు చేశాను. మొదటి సెటప్‌లో 'మూవ్ టు ఐఓఎస్' యాప్‌తో డేటా తెచ్చుకోమని అడిగితే, తర్వాత చూద్దాంలే అని దాటేశాను. ఫోటోలు, కాంటాక్ట్‌లు గూగుల్ ఖాతాతో వచ్చేశాయి, బాధ లేదు. వాట్సాప్ చాట్‌లే రాలేదు. గూగుల్ డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్‌ని ఐఫోన్‌లోని వాట్సాప్ తీసుకోదని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఫోన్ రీసెట్ చేసి మళ్లీ మొదటి నుంచి రావడమేనా, వేరే దారి ఉందా? రీసెట్ చేస్తే ఈ వారం రోజుల్లో కొత్త ఫోన్‌లో వచ్చిన మెసేజ్‌లు పోతాయేమోనని టెన్షన్. పాత ఫోన్ ఇంకా నా దగ్గరే ఉంది, అందులో చాట్‌లన్నీ అలాగే ఉన్నాయి.

ఇంకోటి, చిన్నదే కానీ చంపేస్తోంది. పాత ఫోన్‌లో కుడి, ఎడమ ఏ అంచు నుంచి వేలు జరిపినా వెనక్కి వెళ్లేది. ఇక్కడ చాలా యాప్‌లలో ఎడమ అంచు నుంచే! ఫోన్ పట్టుకునేది కుడి చేత్తో, బొటనవేలు అంతదూరం అందదు. రోజుకి యాభైసార్లు కుడివైపు గీకి, ఏమీ జరక్క, నవ్వుకుంటున్నాను. ఇది మార్చుకునే సెట్టింగ్ ఉందా, లేక అలవాటు పడాల్సిందేనా? మీలో ఇలా మారినవాళ్లకి ఎన్నాళ్లు పట్టింది?