బరంపురం నుంచి జయపురం దాకా సైకిళ్ల మీద నలుగురం: రాత్రుళ్లు ఎవరింట్లో?

కొండదారి కుర్రాడు, బరంపురం
అందరికీ నమస్తే. మేం నలుగురం, ఒకే కాలేజీ. డిసెంబరు రెండో వారంలో సైకిళ్ల మీద జయపురం వెళ్దామనుకుంటున్నాం. దారి: దిగపహండి, తప్తపాణి, మోహన, చంద్రగిరి, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, లక్ష్మీపూర్, కోరాపుట్, ఆపైన జయపురం. లాడ్జీల జోలికి పోకుండా కౌచ్‌సర్ఫింగ్ పద్ధతిలో, రమ్మన్నవాళ్ల ఇళ్లల్లో పడుకుందామని. రోజుకి 90 కిలోమీటర్ల లెక్కన అయిదు రోజులు వేసుకున్నాం. గేరు సైకిళ్లు మూడు, మామూలు నల్ల సైకిలు ఒకటి. అది మావాడి తాతగారిది, దాని మీద తప్ప రానంటున్నాడు. సామాన్లు ఏం పట్టుకెళ్లాలి, ఇళ్లవాళ్లని ఎలా అడగాలి, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత హ్యాండిలు, రాయగడ
తమ్ముడూ, 90 అనే అంకె ఎక్కడ పట్టావు? హైవే మీద ఖాళీ సైకిలుకైతే సరే. క్యారియరు మీద పది పన్నెండు కిలోలు పెట్టి తప్తపాణి ఘాటీ ఎక్కి చూడు. బరంపురం నుంచి అక్కడికి సుమారు 50 కిలోమీటర్లే. కానీ మొదటిరోజు అక్కడే ఆగి, వేడినీళ్ల గుండం దగ్గర కాళ్లు చాపుకున్నవాడు తెలివైనవాడు. మీ దారిలో అసలు ఎక్కుడు రాయగడ దాటాకే. రాయగడ ఉన్నది ఓ 200 మీటర్ల ఎత్తులో, కోరాపుట్ ఉన్నది 870 దగ్గర. మధ్యలో ఎక్కి దిగి మళ్లీ ఎక్కేది వేరే. ఆ ముక్కకి రెండు రోజులు ఇచ్చుకో.

నేను చెప్పదల్చుకున్నది ఎక్కుడు గురించి కూడా కాదు. లాడ్జీలో రాత్రి పదింటికి దిగినా అడిగేవాడు లేడు. ఇల్లు అలా కాదు. మేం ముగ్గురం ఒకసారి ఇలాగే సాయంత్రం అయిదింటికల్లా వస్తామని చెప్పి, రెండు పంక్చర్లూ ఒక తప్పుదారీ అయ్యాక తొమ్మిదిన్నరకి చేరాం. ఆ ఇంటాయన వీధి చివర టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల అన్నం మూడోసారి వేడిచేస్తున్నారు. పిల్లకి మర్నాడు పరీక్షట, ఆ గది మాకిచ్చి పిల్లని వంటింట్లో కూర్చోబెట్టారు. ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధ. మనకది యాత్ర, ఆయనకి పొద్దున్న ఆరింటికి డ్యూటీ.

అప్పట్నించీ నా లెక్క ఒకటే. ఎవరింట్లోనైనా దిగే రోజు 55 కిలోమీటర్లకి మించి పెట్టుకోను. మధ్యాహ్నం మూడింటికి ఊళ్లో ఉంటాను. టీకొట్టు దగ్గర ఓ గంట కూర్చుని, చెప్పిన టైముకి తలుపు తడతాను.

గ్రీజు చేతులు, గుణుపురం
హోస్టుల (ఇల్లిచ్చేవాళ్ల) సంగతి మీరు చూసుకోండి, నేను ట్యూబుల గురించి మాట్లాడతా.

నవ్వుకోకండి, ఆ నాలుగిట్లో నిశ్చింతగా ఉండేది నల్ల సైకిలే. 28 అంగుళాల, ఒకటిన్నర వెడల్పు టైరు, వాల్వు మీద తొడిగే రబ్బరు వాల్‌ట్యూబు, ఊచలు ఏ సంతలోనైనా దొరుకుతాయి. మీ గేరు సైకిళ్ల టైర్లు 700సి సైజు అయితే చిన్న ఊళ్లో టైరు చిరిగితే పని అయిపోయినట్టే. చూడ్డానికి రెండూ ఒకటే సైజులా ఉంటాయి, ‘పడుతుంది బాబూ’ అని షాపువాడు కూడా అంటాడు. పట్టదు. నల్ల సైకిలు రిమ్ము 635 మిల్లీమీటర్లు, మీది 622. కనక ముగ్గురికీ కలిపి ఒక స్పేరు టైరు, మనిషికి రెండు ట్యూబులు. సన్న వాల్వు అంటే ప్రెస్టా అయితే ఇత్తడి అడాప్టరు కొని వాల్వుకే బిగించి ఉంచండి, అప్పుడు మోటారుసైకిళ్ల గాలి పంపు దగ్గరైనా పని జరుగుతుంది. జేబులో పెట్టుకుంటే పోతుంది. నాది పోయింది, రెండుసార్లు.

బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేయించుకునే బయల్దేరండి. కోరాపుట్ నుంచి జయపురానికి 20 చిల్లర కిలోమీటర్లు, దాదాపు దిగుడే. నల్ల సైకిలు కడ్డీ బ్రేకులు అక్కడ ఏం చేస్తాయో తాతగారికి తెలుసు, మనవడికి తెలీదు. అక్కడక్కడా దిగి నడిపించమనండి. సిగ్గేం లేదు.

వంశధార వొడ్డు, పర్లాకిమిడి
నాకో డౌటు. మన తెలుగోళ్లం బరంపురం నుంచి జయపురం దాకా ప్రతి ఊళ్లోనూ ఉన్నాం కదా. ఈ సైట్లేటి, ప్రొఫైళ్లేటి? అమ్మనో అమ్మమ్మనో అడిగితే రాయగడలో ఓ మేనత్త తేలదా?

పాత హ్యాండిలు, రాయగడ
తేలుతుంది గురూ. ఆవిడ ఇంట్లో దిగితే మూడు రోజులు కదలనివ్వదు. మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్తుంది, పెళ్లెప్పుడంటుంది, నాలుగో రోజు పొద్దున్న ‘ఇవాళ మంగళవారం, ప్రయాణం వద్దు’ అంటుంది. నేను పడ్డాను.

జయపురం పిన్ని
ఇవతల నుంచి కూడా ఓ మాట. మా ఇంట్లో సైకిలు మీద వచ్చినవాళ్లని అయిదారేళ్లుగా ఉంచుతున్నాం. మా వారికి వార్మ్‌షవర్స్ అనే సైట్లో ఖాతా ఉంది. అది సైకిలు యాత్రికుల కోసమే పెట్టింది, కౌచ్‌సర్ఫింగ్ కంటే మీకు అదే నయం. సైకిలు ఇంట్లో ఎక్కడ పెట్టాలి అనే ప్రశ్న అక్కడ కొత్తగా వినిపించదు. బీవెల్‌కమ్ కూడా ఉంది, దానికి చందా లేదు.

నలుగురు అనగానే నేను ఆగిపోయాను నాయనా. ఇద్దరైతే హాల్లో పరుపేస్తాను. నలుగురంటే ఒక్క బాత్రూం, పొద్దున్న నీళ్లు వచ్చేది గంటే. మీరు ఇద్దరిద్దరుగా విడిపోయి ఒకే ఊళ్లో రెండిళ్లు అడిగితే ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు. ఉత్తరం రాసేటప్పుడు ‘హాయ్, స్టే కావాలి’ అని నలభై మందికి ఒకే ముక్క పంపకండి, మాకు తెలిసిపోతుంది. ఎంతమంది, ఏ తారీఖు, ఎన్నింటికి వస్తారు, ఎన్నింటికి వెళ్తారు, మాంసం తింటారా, చాపలు మీవా మావా, ఇవి రాయండి. ఆలస్యమైతే కొండల్లో సిగ్నలు ఉండదు కాబట్టి చివరి ఊరు దాటేముందే ఫోన్ చెయ్యండి.

ఇంకోటి. ఫలానా టైముకి వస్తామంటే వంట మొదలుపెట్టేస్తాం. ‘దారిలో ధాబాలో తినేశాం ఆంటీ’ అన్నవాళ్ల మీద నాకింకా కోపం పోలేదు. ఉతకాల్సిన బట్టలు అడక్కుండా మిషన్లో వేసిన మహానుభావుడి మీద కూడా.

కానుకలేం తేవద్దు. బరంపురం నుంచి వస్తున్నారు కాబట్టి ఓ అప్పడాల కట్ట తెస్తే మాత్రం కాదనను.

ఎర్ర హెల్మెట్టు, కోరాపుట్
ఆడపిల్లని, ఒంటరిగానూ గుంపుతోనూ తిరిగాను. నా పద్ధతులు: హోస్టు గురించి ఆడవాళ్లు రాసిన అభిప్రాయాలు ఒక్కటైనా లేకపోతే వెళ్లను. ఇంట్లో ఇంకెవరెవరు ఉంటారో ముందే అడుగుతాను, ఈ ప్రశ్నకి చిరాకుపడ్డవాళ్లని అక్కడే వదిలేస్తాను. చిరునామా మా అన్నయ్యకి పంపుతాను, పంపానని హోస్టుకి కూడా చెప్తాను. ఎంత మంచి ఇల్లు దొరికినా ఆ ఊళ్లో లాడ్జీకి సరిపడా డబ్బు వేరే జేబులో ఉంటుంది. మగపిల్లలం మాకేంటి అనుకోకండి, అర్ధరాత్రి లేచి వెళ్లిపోవాల్సి వస్తే ఎటు వెళ్తారో మీరూ చూసుకోవాలి.

మీలో ఎవరికైనా విదేశీ పాస్‌పోర్టు ఉంటే హోస్టుకి ముందే చెప్పండి. విదేశీయులు దిగిన 24 గంటల్లో ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేసే ఫారం (ఫారం-సి అని పిలిచేవారు) ఇంటివాళ్లు నింపాలి, చాలామంది ఇళ్లవాళ్లకి ఆ సంగతి తెలీదు.

రాయగడ వైపు నియమగిరి పక్క ఊళ్లలో డొంగ్రియా కొంధు గిరిజనుల్ని అడక్కుండా ఫొటోలు తీయొద్దు. బుధవారం చటికొన సంతకి వెళ్తే కెమెరా సంచిలోనే ఉంచి, ముందు ఏదన్నా కొనండి.

వంశధార వొడ్డు, పర్లాకిమిడి
డిసెంబరు అన్నారు, మంచి పని చేశారు. దసరా సెలవులనీ అక్టోబరులో బయల్దేరేవాళ్లని చూస్తే భయం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర, రెండు తుఫాన్లూ ఆ నెల్లోనే తీరం దాటాయి. తిత్లీకి మా గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఆ నెల్లో ఘాటీ రోడ్ల మీద ప్లాను వేసుకోవద్దు.

ఎర్ర హెల్మెట్టు, కోరాపుట్
డిసెంబరులో మా దగ్గర చలి మామూలుగా ఉండదు. బరంపురం చలి అనుకుని ఒక దుప్పటితో వచ్చేస్తారు. స్వెట్టరు, చేతి గ్లవ్సు, చెవులకి మఫ్లరు. పొద్దున్న మంచు విడకుండా రోడ్డెక్కొద్దు, లారీవాడికి మీరు కనబడరు. వెనక ఎర్రలైటు పగలు కూడా వెలగనివ్వండి.

కొండదారి కుర్రాడు, బరంపురం
అందరికీ దండాలు. మొన్న ఆదివారం సామానంతా కట్టుకుని గోపాలపూర్ వెళ్లి వచ్చాం. రానూపోనూ 30 పైచిలుకు అంతే, చదును రోడ్డు. అయినా ఇద్దరి సంచులు చక్రానికి రాసుకున్నాయి, ఒకడు తెచ్చిన ఇస్త్రీ చొక్కాలు మూడూ ఇంటికి పంపేశాం. నల్ల సైకిలే ముందు చేరింది. మాట్లాడలేకపోతున్నాం వాడితో.

మార్పులు: అయిదు రోజులు కాస్తా తొమ్మిది. తప్తపాణిలో లాడ్జీయే, ఎవర్నీ ఇబ్బంది పెట్టం. చంద్రగిరిలో టిబెటన్ల ఊరు చూడ్డానికి ఒక పూట. మిగతా చోట్ల ఇద్దరిద్దరం. రాయగడలో రెండిళ్లు, కోరాపుట్‌లో ఒకటి కుదిరాయి. జయపురం పిన్నిగారూ, మీకు విడిగా రాశాను, మీరడిగినవన్నీ రాశాను, అప్పడాలతో సహా. ‘రాతి రహిబాకు జాగా మిళిబొ కి’ అని ఒడియాలో అడగడం మావాడికి నేర్పాం, వాడు బరంపురంలో పుట్టి కూడా తడబడుతున్నాడు. పర్లాకిమిడిలో మాత్రం ఇంకా ఎవరూ దొరకలేదు.

గ్రీజు చేతులు, గుణుపురం
పర్లాకిమిడి నుంచి మా ఊరు సుమారు 50 కిలోమీటర్లు, కాశీనగర్ మీదుగా. పొద్దున్నే బయల్దేరితే భోజనం వేళకి మా షాపు దగ్గరుంటారు. చైన్లు నేను చూస్తాను, డబ్బులొద్దు. ఎవడికైనా ఒంట్లో బాగోకపోతే ఇక్కణ్ణించి విశాఖ పాసింజరు ఉంది. సైకిలుని రైల్లో వేయాలంటే ముందురోజే స్టేషన్లో పార్సిలు సంగతి కనుక్కోండి. మా నాన్న ఇప్పటికీ దాన్ని చిన్నరైలే అంటాడు, బ్రాడ్‌గేజి 2011లోనే వచ్చిందన్నా వినడు.

వంశధార వొడ్డు, పర్లాకిమిడి
దొరకలేదేటి, నేనున్నాను కదా! ఇంతసేపూ మేనత్తలు మేనత్తలు అని అరిచింది ఎందుకు? నలుగురూ రండి, విడిపోవక్కర్లేదు. మేడ మీద గది ఖాళీ, బాత్రూములు రెండు. ఏ తారీఖో మాత్రం రెండ్రోజుల ముందు ఖాయంగా చెప్పండి. మా అమ్మ చోడంబలి కాస్తానంటోంది, పిండి ముందురోజే పులవబెట్టుకోవాలట.